నేనెక్కడ కూర్చోవాలి?

కిందటి వారం మీరంతా నన్ను బిర్కెలో అనే ఇంటిపేరున్నవాళ్ళ ఆఫీసులో, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. వారమంతా హాయిగా మీ పనులు మీరు చూసుకున్నారు. నేను మాత్రం నోరు సగం తెరిచి అక్కడే ఉన్నాను.

ఈ వారమే కొత్తగా చదవడం మొదలుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు మార్లిస్ ఎంగెన్. మా కౌంటీలో స్కూలు బస్సు ఏది ఎటు వెళ్ళాలో ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని. మొన్న వేసవిలో ఆ పని ఒక కంప్యూటరుకు అప్పగించి, నా చేతిలో ఒక పూలకుండీ పెట్టి పంపించారు. పూలకుండీ బాగానే ఉంది. ఉద్యోగంతోపాటు ఆఫీసువాళ్ళు కట్టే ఆరోగ్య ఇన్సూరెన్స్ కూడా పోతోంది, ఏడుపంతా అక్కడే. మా ఆయన వర్లిన్‌కి తుంటి కీలు మార్చాలని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఇన్సూరెన్స్ ఉంటే ఆపరేషన్, లేకపోతే చేతికర్ర. మనిషి మెట్లెక్కలేక హాల్లో సోఫా మీదే పడుకుంటున్నాడు. ఎలా ఉందని అడిగితే, “ఫరవాలేదు, టీవీ దగ్గరగా ఉంది,” అంటాడు. అందుకని ఈ వయసులో నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను.

మొదటి ఇంటర్వ్యూలో నేను చేసిన నిర్వాకం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. విత్తనాల కంపెనీ వాళ్ళు అన్నీ అడిగాక, “ఇప్పుడు మీరు మమ్మల్ని ఏమైనా అడుగుతారా?” అన్నారు. నేను, “కిటికీ వెయ్యమంటారా?” అని అడిగాను. గాలి కొడుతోంది మరి. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

మా ఆడపడుచు జోడీన్ మినియాపొలిస్‌లో ఒక పెద్ద ఆఫీసులో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని చేస్తుంది. ఈ సంగతి ఫోన్లో చెప్పాను. నెత్తి కొట్టుకుంటోందని నాకు ఇక్కడికి తెలుస్తూనే ఉంది.

“అడగడానికి ఏమీ లేదంటే ఆ పని మీద నీకు మనసు లేదనుకుంటారే, మరదలా,” అంది. “అంతసేపూ వాళ్ళు నిన్ను చూశారు. అక్కణ్ణించీ నువ్వు వాళ్ళని చూడాలి. నువ్వక్కడ రోజూ బతకాలి కదా.”

“ఒకళ్ళ దగ్గరికి వెళ్ళి ఆరాలు తీస్తే ఏం బాగుంటుంది వదినా? మా అమ్మ వింటే సమాధిలోంచి లేచొస్తుంది.”

“వచ్చి మీ ఇన్సూరెన్స్ కడుతుందా?”

కట్టదు. అందుకని నేను నోరు మూసుకుని, వదిన చెప్పిన మూడు ప్రశ్నలూ అంట్లు తోముతూ బట్టీ పట్టాను. ఏడాది గడిచేసరికి నేను ఏం చేసి ఉంటే మీరు సంతోషిస్తారు? ఇంతకుముందు ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు? నా పైన ఎవరుంటారు? జీతం, సెలవులు ఉద్యోగం ఇస్తామన్నాకే అడగాలట. కిటికీల జోలికి మాత్రం అసలు పోకూడదట.

ఇక బిర్కెలో వారి దగ్గరికి వద్దాం. సరస్సుల ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు పడవలు కట్టుకోవడానికి డాక్‌లు ఉంటాయి కదా, నీళ్ళలోకి పొడుచుకొచ్చే చెక్క వంతెనలు, అవి చేసి, లారీల్లో తీసుకెళ్ళి, బిగించి వచ్చే కంపెనీ వాళ్ళది. ఆ లారీలు ఎప్పుడు ఎటు వెళ్ళాలో చూసే మనిషి కావాలి. బస్సులు పంపినదానికి లారీలు ఒక లెక్కా అని నా ధైర్యం.

బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో యజమాని ఓర్డెల్ బిర్కెలో, కొండలాంటి మనిషి, మాట మాత్రం చొక్కా జేబుతో చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఎడమవైపు ఆయన అక్క ఆర్డిస్, కంపెనీలో సగం వాటా ఆవిడదే. నాకు ఫోన్ చేసి రమ్మన్నదీ ఆవిడే. “ఇప్పుడున్నతను నవంబరులో జింకల వేట మొదలయ్యేలోగా వెళ్ళిపోతున్నాడు,” అని కూడా చెప్పింది. కుడివైపు డువేన్ స్కోగ్ అని గుండ్రటి మొహం, గుండ్రటి కళ్ళద్దాలు ఉన్న ఒక పెద్దమనిషి. “ఇతను డువేన్, మా దగ్గర చాలాకాలంగా ఉన్నాడు,” అని మాత్రం అన్నారు. ఆయన ఇంట్లో స్వయంగా చేసిన యాపిల్ కేకు తెచ్చాడు. ఓర్డెల్ నన్ను ఏదైనా చిక్కు ప్రశ్న అడిగితే, నేను జవాబు చెప్పకముందే ‘బాగుంది, బాగుంది’ అని తలూపాడు. అంత మంచి మనిషి.

పళ్ళెంలో ఒకే ఒక్క కేకు ముక్క మిగిలింది. దాని పక్కన చాకు ఉంది. మా వైపు మర్యాద ప్రకారం చివరి ముక్క ఎవరూ తియ్యరు కనుక దాని వైపు ఎవరూ చూడటం లేదు.

“మరి, మార్లిస్ గారూ,” అన్నాడు ఓర్డెల్ జేబుతో, “మీరు మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటే...”

నేను గొంతు సవరించుకున్నాను. “ఏడాది గడిచేసరికి నేను ఏం చేసి ఉంటే మీరు సంతోషిస్తారు?”

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆ గదిలో అలాంటి మాట ఎప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు. ఓర్డెల్ పైకప్పు వైపు చూసి ఆలోచించాడు.

“ఏడాదిపాటు ఎవరూ ఏమీ అనకుండా ఉంటే,” అన్నాడు, “బాగా చేసినట్టే.”

“అంతేనండీ,” అన్నాడు డువేన్ సంతోషంగా. “నన్నే చూడండి. ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు.”

ఆర్డిస్ చాకు తీసుకుని కేకు ముక్కని సగం చేసి, ఒక సగం తన కాగితం పళ్ళెంలో పెట్టుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ ఒక ప్రశ్న గట్టెక్కిందన్న ఉత్సాహంలో రెండోది కూడా వదిలాను.

“ఇంతకుముందు ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు?”

ఆర్డిస్ మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసింది. జవాబు చెప్పింది డువేన్.

“ముందు ఎవరూ లేరండీ. ఇది కొత్త పోస్టు. లారీలు పంపించేది నేనే. నాకు సాయంగా ఒక మనిషిని ఇస్తున్నారు. నేను అడగను కూడా లేదు, ఒక్కణ్ణే నలిగిపోతున్నానని ఓర్డెలే కనిపెట్టాడు.” ఓర్డెల్ భుజం మీద చెయ్యి వేశాడు. “అలాంటి యజమాని ఉంటాడా చెప్పండి.”

ఆర్డిస్ వైపు చూశాను. ఆవిడ చాకు వైపు చూసింది. ఓర్డెల్ తన చొక్కా గుండీ ఒకటి మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. జింకల వేట లోగా వెళ్ళిపోతున్న మనిషి నా ఎదురుగానే కూర్చుని, నాకు ఇంకాస్త కాఫీ పోస్తున్నాడు. వెళ్ళిపోతున్నట్టు ఆయనకి తెలియదు, అంతే.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను కంగారుపడితే నోట్లో ఏది ఉంటే అది బయటికొస్తుంది. నోట్లో మూడో ప్రశ్న ఉంది.

“మరి నా పైన ఎవరుంటారు?”

“నేనే,” అన్నాడు డువేన్.

“ఒక విధంగా,” అన్నాడు ఓర్డెల్.

మా వైపు ‘ఒక విధంగా’ అంటే కాదని అర్థం. డువేన్‌కీ ఆ సంగతి తెలుసు, కానీ తన గురించి అంటున్నారని తోచలేదు పాపం.

వదిన ఇచ్చిన ప్రశ్నలు అయిపోయాయి. ఓర్డెల్ దానికోసమే కాచుకుని ఉన్నట్టు మోకాళ్ళ మీద చరుచుకుని, “సరే మరి,” అన్నాడు. “మాకు మీరు నచ్చారు. సోమవారం నించి రాగలరా?”

“ఇన్సూరెన్స్ మొదటి రోజు నించే,” అంది ఆర్డిస్ గబగబా. “మీవారికి కూడా.”

అంత తేలిగ్గా ఇచ్చేశారు. నేను ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకుని ఏడ్చానో, ఆ మాట కోసం. సోఫా మీద వర్లిన్ మొహం కళ్ళ ముందు కదిలింది. నోరు తెరిచి అవునంటే చాలు, ఆపరేషన్ అయిపోయినట్టే. మిగతాది వాళ్ళ గొడవ, నాకెందుకు? నేను ఎవరి పొట్టా కొట్టలేదు, వాళ్ళు పిలిస్తే వచ్చాను. ఇలా నాకు నేను చాలా బాగా చెప్పుకున్నాను.

ఇంతలో డువేన్ లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “మనిద్దరికీ బాగా కుదురుతుందండీ. మీకు కేకులో దాల్చినచెక్క పడుతుందా? శుక్రవారం శుక్రవారం నేనే చేసి తెస్తాను. సోమవారం మీకోసం తలుపు తీసి ఉంచుతాను, నేను అందరికంటే ముందే వస్తాను.”

ఆ తలుపు నాకు కనిపించింది. ఈయన నవ్వుతూ దాన్ని తీసి పట్టుకుని ఉండటం, నేను లోపలికి నడవడం కనిపించాయి. ఇక నా వల్ల కాలేదు. వచ్చేటప్పుడు ముందు గదిలో లారీల బోర్డు కింద ఒకే ఒక్క బల్ల చూశాను. దాని మీద ఈయన స్వెటర్ ఉంది.

“నేనెక్కడ కూర్చోవాలి?” అని అడిగాను.

వదిన నేర్పిన ప్రశ్న కాదిది. నా సొంతం.

“బల్ల ఉందిగా,” అన్నాడు ఓర్డెల్, చాలా చిన్నగా.

“ఏ బల్ల?” అన్నాడు డువేన్.

“ఉన్న బల్లే.”

“అది నా బల్ల.”

ఆర్డిస్ పావు ముక్కని మళ్ళీ కోసింది. ఇక కొయ్యడానికి అందులో ఏమీ లేదు, అయినా కోసింది. డువేన్ ముందు ఆవిడ చేతుల్ని, తరవాత నన్ను, తరవాత ఓర్డెల్‌ని చూశాడు. మెల్లగా కూర్చున్నాడు.

“ఓర్డెల్, నన్ను తీసేస్తున్నావా?”

“నేనైతే అలా అనను.”

“మరెలా అంటావు?”

“అసలు అననే అననురా డువేన్. ఎండాకాలం నించీ అనకుండానే నెట్టుకొస్తున్నాను.”

“ఎందుకు?”

“లాంగ్ లేక్‌లో జరిగినదానికి,” అంది ఆర్డిస్.

“ఏ లాంగ్ లేక్?”

“అదే కదా మా బాధ,” అంది ఆవిడ.

మా చుట్టుపక్కల పొడుగ్గా ఉన్న ప్రతి సరస్సుకీ మా పెద్దవాళ్ళు లాంగ్ లేక్ అనే పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆర్డిస్ అప్పుడు చెప్పుకొచ్చింది: థోర్స్‌గార్డ్ అనేవాళ్ళు తమ లాంగ్ లేక్ ఇంటికి మంచి డాక్ ఒకటి చేయించుకున్నారట. డువేన్ లారీని ఇంకో కౌంటీలో ఉన్న లాంగ్ లేక్‌కి పంపాడు. కుర్రాళ్ళు వెళ్ళి, ఎవరో ముసలాయన ఇంటి ముందు దాన్ని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా బిగించారు. ఆ ముసలాయన డాక్ అడగలేదు, ఆయనకి పడవ కూడా లేదు. కానీ అంత కష్టపడుతున్న పిల్లల్ని ఆపడం మర్యాద కాదని, కాఫీ ఇచ్చి, శాండ్‌విచ్‌లు పెట్టి, థాంక్స్ చెప్పి పంపించాడు.

“మరి థోర్స్‌గార్డ్ వాళ్ళు?” అన్నాడు డువేన్.

“వేసవంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి పడవెక్కారు,” అంది ఆర్డిస్. “చర్చిలో కనబడితే డాక్ ఎలా ఉందని నేనే అడిగాను. చాలా బాగుందండీ, ఇంకా రాలేదంతే, అన్నారు.”

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట వచ్చే నవ్వు, దగ్గులా మార్చి మింగాల్సి వచ్చింది. డువేన్ మాత్రం నవ్వలేదు.

“ఏ లాంగ్ లేక్ అని అడుగుదామనే అనుకున్నాను,” అన్నాడు. “అడిగితే, మా సరస్సు ఈయనకి తెలియనే తెలియదా అని నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను. సరే. తప్పు నాదే. మరి నాకెవరూ చెప్పలేదేం?”

“నువ్వు బాధపడతావని,” అన్నాడు ఓర్డెల్.

“ఉద్యోగం పోతే బాధపడనా?”

“అందుకే అదీ చెప్పలేదు.”

డువేన్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “లారీ కుర్రాళ్ళకి తెలుసా? చెక్క కోసేవాళ్ళకి? అందరికీ తెలుసా?” ఓర్డెల్ మళ్ళీ గుండీ చూసుకున్నాడు. “నేను తెచ్చిన కేకు తింటూ, నా మొహం చూస్తూ, అందరూ...” అని ఆగిపోయాడు.

నాకు నవ్వు ఎటు పోయిందో పోయింది. మేము ఇలాగే బతుకుతాం, అది మర్యాద అనుకుంటాం. మా ఆఫీసులో కూడా కంప్యూటరు వస్తోందని అందరికీ ముందే తెలుసు, పూలకుండీకి డబ్బులు కూడా పోగుచేసుకున్నారు. నాకు మాత్రం కుండీ చేతికొచ్చాక తెలిసింది. ఈ పెద్దమనిషి మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

“డువేన్ గారూ,” అన్నాను, “మీ బల్ల తీసుకోవాలని నేను రాలేదు. కానీ నాకు ఉద్యోగం కావాలి. అబద్ధం ఎందుకు చెప్పాలి? మా ఆయన నడవలేకపోతున్నాడు. ఆపరేషన్‌కి డాక్టరు తేదీ ఇచ్చింది వచ్చే మే నెలలో. అప్పటికి ఇన్సూరెన్స్ లేకపోతే ఇంతే సంగతులు.”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను తేరిపార చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది.

“మీరే చేరండి,” అన్నాడు. “ఇంటర్వ్యూ చెయ్యడానికి నన్నూ కూర్చోబెట్టారు కనుక నాకూ ఒక వోటు ఉన్నట్టే. నా వోటు మీకే. మీరు అడగబట్టి నాకు తెలిసింది. లేకపోతే వెళ్ళే రోజు దాకా మీకు పని నేర్పిస్తూ ఉండేవాణ్ణి.” అని ఒక్క క్షణం ఆగాడు. “మే నెలన్నారా?”

“మే నెలే.”

“అయితే మీరు ఇంకొక్కటి అడగాలి. అది అడక్కుండా సంతకం పెట్టకండి.”

“డువేన్,” అన్నాడు ఓర్డెల్. మొదటిసారి ఆయన మాట జేబులోంచి కాక నోట్లోంచి వచ్చింది.

డువేన్ అటు చూడలేదు. “ఏప్రిల్ దాటాక బిగించాల్సిన ఆర్డరు ఒక్కటి కూడా రాసుకోవద్దని మొన్న ఓర్డెల్ నాతో చెప్పాడు. కొత్త మనిషి వచ్చాక కొత్త పద్ధతి పెడతారేమో, అందుకే కాబోలు అనుకున్నాను. కానీ మంచు కరిగేదే ఏప్రిల్‌లో. డాక్‌లు బిగించడం మొదలయ్యేది ఆ తరవాతే. ఏప్రిల్ తరవాత ఆర్డర్లు లేకపోతే ఈ కంపెనీ చేసే పనేముంది? ఎందుకని నేను అడగలేదు. నాకు అలవాటు లేదు. మీరు అడగండి.”

“ఏప్రిల్ ఏమిటి?” అంది ఆర్డిస్.

ఆవిడ గొంతు విని నేను అటు తిరిగాను. సగం వాటా ఉన్న మనిషి మొహం కాదది. ఇందాక బల్ల సంగతి విన్నప్పుడు డువేన్ మొహం ఎలా ఉందో అచ్చం అలా ఉంది.

“అక్కా, అది మనం తరవాత మాట్లాడుకుందాం,” అన్నాడు ఓర్డెల్. టోపీ అందుకుని తలకి పెట్టుకున్నాడు. మళ్ళీ మోకాళ్ళ మీద చరుచుకుని, “సరే మరి, వాన వచ్చేలా ఉంది, మార్లిస్ గారికి దారిలో...” అంటూ లేచాడు.

నేను లేవలేదు. లేచి, అవునని చెప్పి, ఇంటికి వెళ్ళి వర్లిన్‌కి ఉద్యోగం వచ్చిందని చెప్పొచ్చు. ఆయన సంతోషపడతాడు. ఏప్రిల్ దాకా ఇద్దరం సంతోషంగా ఉంటాం. మేలో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ ఇన్సూరెన్స్ కార్డు ఇక చెల్లదమ్మా అని పంపించేస్తారు. ఆ రోజు వర్లిన్ ‘ఫరవాలేదు’ అంటాడు. ఆ మాట ఇంకొక్కసారి వినే ఓపిక నాకు లేదు.

“బిర్కెలో గారూ,” అన్నాను, “మంచు కరిగేనాటికి ఈ కంపెనీ మీదేనా?”

ఓర్డెల్ తలుపు వైపు నడిచాడు. కానీ ఆర్డిస్ ఆయనకంటే ముందే వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

“ఆవిడ అడిగింది వినబడిందా?” అంది. అంతసేపూ మెత్తగా మాట్లాడిన మనిషి. “చెప్పరా.”

“అక్కా...”

“కూర్చుని చెప్పు.”

ఓర్డెల్ కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొండలాంటి మనిషి కుర్చీలో కుంచించుకుపోయాడు.

“అమ్మేశాను,” అన్నాడు.

“నా సంతకం లేకుండానా?”

“సంతకం నీతో ఎలా పెట్టించాలో తోచకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. అడ్వాన్సు మాత్రం తీసేసుకున్నాను.”

“ఎవరి దగ్గర?”

ఓర్డెల్ అక్క వైపు చూడలేదు. డువేన్ వైపు కూడా చూడలేదు. తలెత్తి సూటిగా నా వైపు చూశాడు.

“మార్లిస్ గారిని ఉద్యోగంలో పెట్టుకుంటేనే కొంటామన్నవాళ్ళ దగ్గర,” అన్నాడు.

వాళ్ళెవరో వచ్చే వారం చెబుతాను, అప్పటిదాకా నేను ఆ పొట్టికాలు కుర్చీలోనే ఉంటాను.